మిగులు ఉన్నోనికి గూడ మిత్తి వెయ్యాలన్న పెద్దమనిషి

2025 ఆగస్టుల రెండు కబుర్లు ఒకదాని ఎనక ఒకటి వచ్చినయ్. అమెరికా సర్కారు మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం దాక పెంచుతున్నమని ప్రకటించింది. రెండు వారాలు తిరగకముందే ఢిల్లీ సర్కారు బయటి దేశాలకెళ్లి వచ్చే పత్తి మీదున్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. అమెరికాకు బట్టలు కుట్టి పంపే మిల్లులకు దెబ్బ తగిలింది గనుక, వాళ్లకు పత్తన్న అగ్గువకు దొరకాలె అన్నది లెక్క. మొదటి కబురుకు గోదావరి జిల్లాల రొయ్యల చెరువులోళ్లు ఆగమైండ్రు. రెండో కబురుకు మా దిక్కు పత్తి రైతులు ఆగమైండ్రు. వాషింగ్టన్‌ల పెట్టిన సంతకం ఢిల్లీ మీదికెళ్లి తిరిగి మా పత్తి కాంటా దాక వచ్చింది.

గా దినాలల్ల ఒక ఊర్ల రైతుల మీటింగుకు పోయిన. ఒక పెద్దాయన లేచి, అమెరికోనికి మన మీద కోపం ఎందుకొచ్చింది అని అడిగిండు. అండ్ల సగం సుంకం రష్యా చమురు కొంటున్నందుకని చెప్పిన. తక్కిన సగం వ్యాపారం లెక్క: వాళ్లు మన దగ్గర కొనేది ఎక్కువ, మనకు అమ్మేది తక్కువ, ఆ తేడా వాళ్ల కంట్లె పడ్డది అన్న. మరి ఎక్కువ అమ్ముకునుడు తప్పెట్లయితది, చిన్నప్పటిసంది మాకు అమ్ముకొమ్మనే కదా చెప్పిండ్రు అన్నడు ఆయన. నాకు సప్పున జవాబు దొరకలే. ఇంటికొచ్చినంక అల్మారల నుంచి ఒక పాత పుస్తకం తీసిన.

నేను పెద్ద చదువులు చదివినోణ్ని కాదు. ఇంటర్ నడుమల్నే ఇడిసిపెట్టిన. అర్థశాస్త్రం నాకు కాలేజీల దొరకలే, ఆబిడ్స్‌ల ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలల్ల దొరికింది. పక్కకు డిక్షనరీ పెట్టుకొని, ఒక్కో పేజీకి ఒక్కో రాత్రి పెట్టి చదివిన. గట్ల నాకు పరిచయమైనోడు జాన్ మేనార్డ్ కీన్స్. ఇంగ్లండాయన. 1946ల కాలం చేసిండు. ఆయన మన మనిషి కాదు. మనల్ని ఏలిన సర్కారు కొలువు చేసినోడు. అయినా గా పెద్దాయన అడిగినదానికి జవాబు ఈయన బతుకులనే ఉన్నది. మనకు జరిగిన అన్యాలం గూడ అండ్లనే ఉన్నది. రెండు చెప్త.

కీన్స్ 1883 జూన్ 5న కేంబ్రిడ్జిల పుట్టిండు. నాయిన జాన్ నెవిల్ అక్కడి యూనివర్సిటీల పంతులు. తల్లి ఫ్లోరెన్స్ తర్వాత్తర్వాత ఆ ఊరికి మేయరు గూడ అయింది. కలిగినోళ్ల పిల్లలు చదివే ఈటన్ బడి, దాని తర్వాత కింగ్స్ కాలేజీ, గణితంల పట్టా. కడుపుల సల్ల కదలని బతుకు. 1906ల సివిల్ సర్వీసు పరీక్ష రాస్తే రెండో ర్యాంకు వచ్చింది. మొదటి ర్యాంకోడు ఖజానా శాఖకు పోయిండు, ఈయనకు ఇండియా ఆఫీసు మిగిలింది. లండన్‌ల కూసోని మన దేశాన్ని నడిపే దఫ్తరు అది. ఆయనకు అప్పజెప్పిన తొలి పనులల్ల ఒకటి, పది ఆంబోతులను ఓడెక్కించి బొంబాయికి తోలుడు. రెండేండ్లల్లనే ఇసుగొచ్చి కొలువు ఇడిసిపెట్టిండు. జన్మల మన దేశం మొఖం చూడలే.

చూడకున్నా, ఆయన రాసిన మొదటి పుస్తకం మన రూపాయి మీదనే. 1913ల వచ్చింది. దేశంల బంగారు నాణేలు తిప్పే పని లేకుండ, రూపాయి ధరను పౌండుకు కట్టి, నిలువ ధనంల పెద్ద పాలు లండన్‌ల పెట్టే ఏర్పాటు అప్పుడు నడుస్తుండె. కీన్స్‌కు అది తెలివైన ఏర్పాటు లెక్క కనవడ్డది. మన సొమ్ము లండన్‌ల ఉంటే పెట్టె తాళంచెవి ఎవరి మొలకుంటది అన్నది మాత్రం ఆ పుస్తకంల పెద్ద ముచ్చట కాలే. గా తాళంచెవి సంగతి యాదికి పెట్టుకోండ్రి, ముప్పై ఏండ్ల తర్వాత మల్ల వస్తది.

మొదటి ప్రపంచ యుద్ధంల ఆయన ఖజానా శాఖల చేరిండు. 1919ల పారిస్ శాంతి సభకు ఆ శాఖ తరపున పోయిండు. గెలిచినోళ్లు ఓడిన జర్మనీ మీద దండుగ ఎంత వెయ్యాల్నని బేరం చేస్తున్నరు. కీన్స్ కాయితం తీసి ఒక సాదా లెక్క వేసిండు. జర్మనీ దండుగ కట్టాలంటే దానికి బయటి పైసలు కావాలె. బయటి పైసలు రావాలంటే కొనేదానికన్న అమ్మేది ఎక్కువుండాలె. అమ్మేది ఎవరికి? ఇదే గెలిచిన దేశాలకు. జర్మనీ సరుకు వచ్చి కుప్పవడితె మా కార్ఖానాలు మూతవడ్తయని ఈ దేశాలే మొత్తుకుంటయి, తలుపులు పెడ్తయి. అంటే బాకీ కట్టుమనేది వాళ్లే, కట్టే తొవ్వ మూసేది వాళ్లే.

ఇది చదివిన రాత్రి నాకు మా నాయిన యాదికొచ్చిండు. మా ఊర్ల ఇత్తనాలకు, మందులకు ఉద్దెర ఇచ్చే షావుకారే పత్తి గూడ కొంటుండె. వేరే కాంటాకు పోనియ్యకపోతుండె. ధర ఆయన చెప్పిందే. ధర తగ్గిస్తడు, బాకీ తీరలేదని మిత్తి పెంచుతడు. నాయిన దినాం తన తప్పేందో ఎతుక్కుంటుండె. తప్పు నాయిన దగ్గర లేదు, లెక్కనే గట్ల కట్టిండ్రు అని నాకు ఎరుకైంది కీన్స్‌ను చదివినంకనే.

ఆయన 1919 జూన్‌ల కొలువుకు రాజీనామ ఇచ్చిండు. డిసెంబర్ కల్లా శాంతి ఒప్పందం మీద పుస్తకం అచ్చేసిండు. దునియ మొత్తం చదివింది. గని విననైతే వినలే. 1921ల జర్మనీ మీద 13,200 కోట్ల బంగారు మార్కుల దండుగ ఖాయం చేసిండ్రు. తర్వాత జరిగింది చూస్తే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వది. అమెరికా జర్మనీకి అప్పిస్తది. జర్మనీ ఆ పైసలు బ్రిటన్‌కు, ఫ్రాన్సుకు దండుగ కింద కడ్తది. వాళ్లు అవే పైసలు తమ యుద్ధం బాకీ కింద అమెరికాకు కడ్తరు. బండి చక్రం తిరిగినట్టు తిరిగింది. 1929ల అమెరికా షేర్ బజార్ కూలంగనే ఇరుసు ఇరిగింది.

నడుమల ఇంకో ముచ్చట ఉన్నది. 1925ల చర్చిల్ ఇంగ్లండుకు ఖజానా మంత్రి. పౌండును మల్ల బంగారానికి కట్టిండు, అది గూడ యుద్ధానికి ముందటి ధరకే: ఒక పౌండుకు 4.86 డాలర్లు. పౌండు విలువ నూటికి పది దాక ఎక్కువైందని కీన్స్ లొల్లి చేసిండు. పైస బరువైతె సరుకు పిరమైతది, బయటోడు కొనడు. మల్ల అమ్ముడుపోవాలంటే ఒకటే తొవ్వ, కైకిలి కోసుడు. గట్లనే బొగ్గు బాయిల యజమానులు కార్మికుల కూలి మీద కత్తి పెట్టిండ్రు. 1926 మే నెలల దేశం మొత్తం తొమ్మిది దినాలు సమ్మె నడిచింది. బొగ్గు కార్మికులు నెలలకొద్ది కొట్లాడి, ఆకలికి తాళలేక ఓడి బాయిలకు దిగిండ్రు. సింగరేణి సమ్మెలు ఎరుకున్నోళ్లకు ఇది వేరే చెప్పే పనిలేదు. లోటున్న దేశం సర్దుకోవాలె అని పెద్దోళ్లు అంటరు కదా, ఆ మాటకు కింద ఉండే అర్థం ఇదే. సర్దుకునేది దేశం కాదు, కూలోడు.

1930 జూన్ 17న అమెరికా అధ్యక్షుడు హూవర్ స్మూట్-హాలీ సుంకాల చట్టం మీద సంతకం పెట్టిండు. వెయ్యి మందికి పైన ఆర్థికవేత్తలు వద్దని అర్జీ పెట్టుకున్నా వినలే. మా రైతును, మా కార్ఖానాను కాపాడుకుంటున్నమన్నరు. కెనడా ఎదురు సుంకం వేసింది, యూరప్ దేశాలు వేసినయ్. 1932ల బ్రిటన్ గూడ తన సామ్రాజ్యం చుట్టూ గోడ కట్టుకున్నది. 1929 మొదట్లతోని చూస్తే 1933 మొదట్లకు లోకంల వ్యాపారం విలువ మూడోవంతుకు పడిపోయింది. అంతా సుంకాల పాపమే అంటే అబద్ధమైతది. బ్యాంకులు కూలినయ్, ధరలు పడ్డయి, పని పోయినోడు కొనుడు బంద్ చేసిండు. గని ఎవని ఇంటి తలుపు వాడు బిగించుకునే వరకు, ఇండ్లకు అంటుకున్న మంట ఆర్పేటోడు లేకుండ పోయిండు. మన పల్లెలల్ల గూడ పంట ధరలు కూలినయ్, శిస్తు మాత్రం దిగలే. 1931 తర్వాత మన దేశంకెళ్లి బంగారం ఓడలకొద్ది బయటికి పోయింది. అది మిద్దెలోళ్లు దాచిన బంగారమే కాదు, శిస్తుకు, అప్పుకు ఆడోళ్ల మెడలకెళ్లి తీసింది గూడ.

ఈ టైముల కీన్స్ మాట మార్చిండని ఎక్కిరించినోళ్లు మస్తుమంది. నిజమే, మార్చిండు. 1923ల సుంకాలు దండుగ అన్నడు. 1931 మార్చిల ఇంగ్లండు సుంకం వెయ్యాలన్నడు. పౌండు బంగారానికి కట్టేసి ఉన్నది, ధర తగ్గించే తొవ్వ లేదు, పని లేనోళ్లు లక్షలకొద్ది ఉన్నరు, అందుకని. అదే ఏడు సెప్టెంబర్‌ల పౌండును బంగారంకెళ్లి ఇడిపిస్తే, ఇగ సుంకం అక్కెర లేదన్నడు. నేనైతే దీన్ని తప్పు పట్ట. సుంకం ఆయనకు దేవుడు కాదు, దయ్యం కాదు. గొడ్డలి లెక్క ఒక పనిముట్టు. ఎవని చేతిల ఉన్నది, దేని మీద పడ్తున్నది అన్నదే అసలు.

1936ల ఆయన పెద్ద పుస్తకం, జనరల్ థియరీ, వచ్చింది. అండ్ల వ్యాపారం మీద చెప్పింది నాకు అర్థమైన కాడికి ఇది. పని కల్పియ్యడానికి సర్కారుకు రెండు తొవ్వలున్నయి. ఒకటి, ఇంట్ల కొనే శక్తి పెంచుడు: పనులు పెట్టుడు, జనం చేతిల పైసలు ఆడేటట్టు చేసుడు. రెండోది, బయటోనికి ఎక్కువ అమ్మి, వాని దగ్గర తక్కువ కొనుడు. రెండో తొవ్వల నీకు దొరికిన పని పక్కోని దగ్గర గుంజుకొచ్చిందే. లోకం మొత్తం కలిపి చూస్తే మిగులు, లోటు సమానమే. ఒకడు మిగులు పెట్టుకున్నడంటే ఇంకొకడు లోటు మోస్తున్నట్టే. అంగడికొచ్చినోళ్లందరు అమ్మేటోళ్లే అయితే, కొనేటోడు ఎక్కడికెళ్లి వస్తడు?

1937ల ఆయనకు గుండె జబ్బు ముదిరింది. పెండ్లాం లిడియా లొపొకోవా, రష్యాల పుట్టిన పేరుమోసిన నాట్యకత్తె, కంటికి రెప్ప లెక్క చూసుకున్నది. మంచంల పడుకోనే రాసిండు. రెండో యుద్ధం నడుస్తున్నప్పుడు మల్ల ఖజానా శాఖకొచ్చిండు. 1941ల టిల్టన్ అనే పల్లెల ఉన్న తన ఇంట్ల కూసోని ఒక కాయితం తయారు చేసిండు. నా మటుకు నాకు ఆయన బతుకుల ఇంతకన్న గొప్ప పని లేదు.

గా కాయితంల ఉన్నది ఇది. లోకంల దేశాలన్నిటికి కలిపి ఒక లెక్కల బ్యాంకు ఉండాలె. దేశాల నడుమ లెక్క ఏ ఒక్క దేశం పైసలల్ల కాదు, బాంకోర్ అనే కొత్త పైసల నడువాలె. బాంకోర్ జేబుల పెట్టుకునే నోటు కాదు, ఖాతాల రాసుకునే అంకె. ప్రతి దేశానికి అది యుద్ధానికి ముందు చేసిన వ్యాపారాన్ని బట్టి ఒక హద్దు. అమ్మితె ఖాతాల జమ పడ్తది, కొంటె ఖర్చు పడ్తది. ఇదాంక మామూలే. తర్వాతిదే మతలబు. ఖర్చు హద్దుల పావు భాగం దాటితె నూటికి ఒకటి మిత్తి. సగం దాటితె ఇంకొకటి. జమ గూడ పావు భాగం దాటితె నూటికి ఒకటి, సగం దాటితె ఇంకొకటి. అంటే బాకీ ఉన్నోడే కాదు, మిగులు ఉన్నోడు గూడ మిత్తి కట్టాలె.

జర నిలవడి ఆలోచించుండ్రి. మా ఊరి షావుకారుకు గీ రూలు పెట్టినట్టు. నీ గల్లపెట్టెల పైసలు కుప్పవడ్డయంటే ఊర్ల పైసలు ఆడుత లేవు. ఆ పైసలతోని ఊరి సరుకు కొను, కూలి పెంచు, లేకుంటే అప్పుగ ఇయ్యి. ఊకె మీద కూసుంటె నువ్వు గూడ మిత్తి కట్టు. కీన్స్ ఇది దానధర్మం అని చెప్పలే. లోటున్నోడు ఒక్కడే సర్దుకోవాలంటె వానికి కొనుడు తగ్గించుకునుడు తప్ప తొవ్వ లేదు. అందరు కొనుడు తగ్గిస్తె లోకం మొత్తం పని పడిపోతది. అదే మిగులున్నోడు కొనుడు పెంచితె లోటు తీరుతది, పని గూడ పెరుగుతది. లెక్క సమానం చేసే తొవ్వలు రెండు. ఒకటి అందరిని కిందికి గుంజుతది, ఇంకోటి పైకి లేపుతది.

అప్పుడు మిగులున్న దేశం అమెరికా. లోకంల ఉన్న బంగారంల పెద్ద పాలు దాని దగ్గరనే ఉండె. మిత్తి తనకే పడ్తదంటె ఒప్పుకుంటదా? 1944 జులైల న్యూ హాంప్‌షైర్‌ల, బ్రెటన్ వుడ్స్ అనే కాడ ఒక పెద్ద హోటల్ల 44 దేశాలు కూసున్నయి. అమెరికా తరపున హ్యారీ డెక్స్‌టర్ వైట్ తన పథకం పట్టుకొచ్చిండు. నెగ్గింది అదే. ఐఎంఎఫ్ పుట్టింది, ప్రపంచ బ్యాంకు పుట్టింది, నడుమల డాలర్ కూసున్నది. బాంకోర్ పోయింది. అందరికి కొరతైన దేశం పైస మీద ఆంక్ష పెట్టొచ్చని ఒక నిబంధన మాత్రం ఐఎంఎఫ్ కాయితాలల్ల మిగిలింది. దాన్ని ఒక్కసారి గూడ వాడలే. గప్పటిసంది ఐఎంఎఫ్ తలుపు కొట్టేది లోటున్నోడే, షరతులు మోసేది గూడ వాడే.

ఇగ నన్ను గుచ్చే ముచ్చట. అదే సభల మన దేశం తరపున గూడ మనుషులున్నరు. పెద్ద తలకాయ తెల్లదొరనే, జెరెమీ రైస్‌మన్. గని ఆయనతోని సి.డి. దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి, ఎ.డి. ష్రాఫ్ ఉండిరి. యుద్ధం పొడుగూత బ్రిటన్ మన దేశంకెళ్లి బట్టలు, సంచులు, తిండిగింజలు తీస్కపోయింది, సైన్యం ఖర్చు పెట్టింది. వాటికి పైసలు ఇక్కడ ఇయ్యలే. లండన్ ఖాతాల మన పేరు మీద పౌండ్లు రాసుకున్నది. వాటిని చూపెట్టి ఇక్కడ రూపాయి నోట్లు కుప్పలు కుప్పలు అచ్చేసిండ్రు. సరుకేమో తక్కువ, నోట్లేమో ఎక్కువ, ధరలు మండినయ్. 1943 బెంగాల్ కరువుల దగ్గర దగ్గర 30 లక్షల మంది సచ్చిపోయిండ్రు. దానికి ఇంకా కారణాలున్నయి, గని ఈ నోట్ల కుప్ప అండ్ల ఒకటి. లండన్‌ల మాత్రం మన ఖాతా 100 కోట్ల పౌండ్లు దాటింది. కడుపు మాడ్చుకొని మనం మిగులు దేశమైనం.

మనోళ్లు అడిగింది ఏంది? ఆ మిగులును మమ్మల్ని ఖర్చు పెట్టుకోనియ్యుండ్రి, మిషన్లు కొనుక్కుంటం, కొత్త సంస్థ దీనికొక తొవ్వ చూపెట్టాలె అని. బ్యాంకుల పది లక్షల డాలర్లున్నోడు టాక్సీ కిరాయికి పైసలు లేక నిలవడ్డట్టున్నది మా కథ అని ష్రాఫ్ ఆ సభల చెప్పిండు. జవాబిచ్చింది కీన్స్. ఇది బ్రిటన్‌కు, దానికి అప్పిచ్చినోళ్లకు నడుమ ముచ్చట, ఇజ్జత్‌తోని తీరుస్తం, ఈ సభకు సంబంధం లేదన్నడు. తర్వాత ఆ బాకీల కొంత మాఫీ చెయ్యాలె అన్న దిక్కే ఆయన ఆలోచన పోయింది. మిగులున్నోడు ఖర్చు పెట్టాలె అన్నది ఆయన సిద్ధాంతం. మేం ఖర్చు పెడ్తమన్నం. పెట్టనియ్యలే. తాళంచెవి లండన్ మొలకే ఉండె.

ఆయన కపటి అని నేననుకోను. తన దేశం దివాళా ఒడ్డుకొచ్చి ఉన్నది, ఆయన దాని వకీలు. గని తన వాదం తనకు అక్కెరొచ్చినప్పుడు లోకానికి, అక్కెర లేనప్పుడు పక్కకు అన్నట్టు అయింది. పెద్ద మేధావులకు గూడ సామ్రాజ్యం కంటి మీద పొర లెక్కనే ఉంటది. మెచ్చుకుంటనే ఈ పొర గూడ చూపియ్యాలె.

పాపం, తర్వాతి ఏడు ఆయన గూడ ఆ రుచి చూసిండు. 1945 చివర్ల అమెరికాకు పోయి, నెలలకొద్ది బతిలాడి, బ్రిటన్‌కు 375 కోట్ల డాలర్ల అప్పు తెచ్చిండు. నూటికి రెండు మిత్తి, 50 కిస్తులు, కఠినమైన షరతులు. ఆఖరి కిస్తు బ్రిటన్ కట్టింది 2006 డిసెంబర్‌ల. ఆ తిప్పలతోనే ఆయన గుండె ఇంకా అలిసింది. 1946 ఏప్రిల్ 21న టిల్టన్ ఇంట్లనే పానం ఇడిసిండు. 62 ఏండ్లు. అప్పటికి తల్లి, తండ్రి ఇద్దరు బతికే ఉండిరి.

ఇప్పుడు చూడుండ్రి కాలం ఎట్ల తిరిగిందో. మిగులు మీద మిత్తి వద్దని 1944ల గుద్ది చెప్పిన అమెరికాకే 2024ల సరుకు వ్యాపారంల 1.2 లక్షల కోట్ల డాలర్ల లోటు. అదే ఏడు చైనాకు లక్ష కోట్ల డాలర్లకు కొంచెం తక్కువ మిగులు. మనకు చైనాతోని ఒక్కదానితోనే 2024-25ల దగ్గర దగ్గర 9,900 కోట్ల డాలర్ల లోటు. చైనా కార్మికుడు చేసిన దాంట్ల వాని ఇంటికి చేరే పాలు తక్కువ, అందుకే వాడు కొనలేని సరుకు లోకం మీదికి వస్తది. అమెరికా తను పండించేదానికన్న ఎక్కువ వాడుకుంటది, అందుకే లోటు పోదు. రోగం ఇండ్ల లోపట ఉన్నది. సుంకం వేసి దాన్ని సరిహద్దుల కాడ కొడుతున్నరు. ఒక దేశం మీద వేస్తె సరుకు ఇంకో దేశం మీదికెళ్లి వస్తది. లోటు అట్లనే ఉంటది, దెబ్బ మాత్రం రొయ్యల చెరువు మీద, పత్తి చేను మీద పడ్తది.

మొన్న మల్ల ఆ ఊరికి పోయినప్పుడు పెద్దాయనకు ఇదే చెప్పిన. ఎక్కువ అమ్ముకునుడు తప్పు కాదు. అమ్మినోడు గూడ కొనాలె, లేకుంటె కొనేటోడు ఒకనాడు తలుపు పెడ్తడు. దేశానికి ఇది ఎంత నిజమో ఇంటికి గూడ గంతే నిజం. మా పత్తికి ధర, మా కూలికి కైకిలి పెరిగితె మేం గూడ బట్ట కొంటం, మిల్లు అమెరికా దిక్కే చూసే పని ఉండది. అమెరికా సుంకంతోని మిల్లుకు నష్టమైతె సర్కారు ఖజానకెళ్లి ఆదుకోవాలె, రైతు ధర కోసి కాదు. దేశాల సభలల్ల మన సర్కారు బాంకోర్ ముచ్చట మల్ల ఎత్తాలె. ఆకలితోని మిగులు పెట్టి, దాన్ని వాడుకోనియ్యని దేశంగ మనకు ఆ హక్కున్నది.

పెద్దాయన అంతా విన్నడు. మిగులు మీద మిత్తి అన్న కాడ నవ్విండు. ఆ రూలు మన షావుకారుకు ఎప్పుడు పెడ్తరని అడిగిండు. ఈసారి గూడ నాకు జవాబు దొరకలే. గని సవాలు మాత్రం సరైన తావుకు వచ్చింది.